పార్కు జాగా, వంక కాపాడుకోవడానికి కాలనీ కమిటీ పనికొస్తుందా? మా తిరుపతి అనుభవం

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. లేఅవుట్‌లో పార్కుకని వదిలిన జాగాలో ఎవరో రాళ్లు పాతుతున్నారు, కాలనీ వెనక వంకలోకి (వాన నీళ్లు పారే వాగులోకి) మట్టి తోలి కొత్త వెంచర్ వేస్తున్నారు, పదిమందిమి కలిసి కమిటీ పెట్టి కనిపెట్టుకుని ఉందామంటే "ఊరకే పగలు పెంచుకోవడమే" అని కొందరు అంటున్నారు, నిజంగా ప్రయోజనం ఉంటుందా అని అడిగారు. ఉంటుంది. మాది తిరుపతి రూరల్ మండలంలో ఒక కాలనీ. 2021 డిసెంబరు నుంచి తొమ్మిది మందిమి ఇదే పని మీద ఉన్నాం. అందులో ఆడవాళ్లం నలుగురం. నేను ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పి మానేసిన మనిషిని, చట్టం చదువుకోలేదు. చేసి నేర్చుకున్నదే రాస్తున్నాను.

2021 నవంబరు 18, కార్తీక పున్నమి రోజులు. ఆ సాయంత్రం మా ఇంట్లోకి నీళ్లు వీధి వైపు నుంచి రాలేదు. పెరటి గోడ అడుగు నుంచి వచ్చాయి. రాత్రి ఎనిమిదికల్లా వంటింట్లో మోకాలి లోతు. బియ్యం డబ్బా తేలి తలుపుకు కొట్టుకుంటుంటే ఆ చప్పుడు వింటూ మంచం మీద కూర్చున్నాం. ఆ వారం ఊరంతా అలాగే ఉంది. కపిలతీర్థం దగ్గర జలపాతం విరుచుకుపడింది. రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని కింద పల్లెల్ని ఖాళీ చేయించారు. ఎం.ఆర్.పల్లి శ్రీకృష్ణ నగర్‌లో భూమిలో దించిన నీళ్ల సంపు రింగులతో సహా పైకి లేచింది, ఆ వీడియో మీరూ చూసే ఉంటారు. నీళ్లు నిలిచిన పేటల పేర్లు చూడండి: కొరమేనుగుంట, గొల్లవానిగుంట. గుంట ఉంటేనే కదా ఆ పేరు వచ్చింది.

మా కాలనీ పేరులో గుంట లేదు గానీ వెనక వంక ఉండేది. 2009లో మేం ఇల్లు కట్టుకున్నప్పుడు దాని గట్టున కానుగ చెట్లు, అవతల శనక్కాయ చేను. పదేళ్లలో అది మురిక్కాలవంత అయిపోయింది. ఎవరూ ఒక్కరోజులో పూడ్చలేదు. ఒక వెంచర్‌వాళ్లు దారి కోసం కొంత, ఒకాయన కాంపౌండ్ గోడ కోసం కొంత, ఇల్లు కట్టినప్పుడు మిగిలిన రాళ్లూ మట్టీ పారబోసి మేం కొంత. వాన వెలిశాక గొర్రెలు తోలుకొచ్చిన ఒక పెద్దాయన నాతో అన్న మాట ఇప్పటికీ చెవిలో ఉంది: "మా నాయన కాలంలో ఈ వంక గొర్రెలు ఈదతా దాటేవిమ్మా. మీరు వంకలో ఇండ్లు కట్టుకోని, వంక ఇంట్లోకి వచ్చిందంటా ఉండారు."

కమిటీ అనగానే మేమూ అందరిలాగే చేశాం. బ్యానర్ పట్టుకుని రోడ్డు మీద నిలబడ్డాం, విలేకరులు వచ్చారు, పేపర్లో ఫొటో పడింది. అంతటితో సరి. పని కదిలింది మూడు కాగితాలు చేతికొచ్చాకే. లేఅవుట్ ఆమోదించిన ప్లాను, రోడ్లూ ఖాళీ జాగా పంచాయతీకి రాసిచ్చిన గిఫ్ట్ డీడ్, వంక ఉన్న సర్వే నంబరు ఎఫ్‌ఎంబీ (ఆ భూమి హద్దులు, కొలతలు గీసి ఉన్న సర్వే పటం). మీరు రేపు ఏ పని మొదలుపెట్టినా ముందు వీటి కోసమే తిరగండి.

ఆమోదం ఉన్న లేఅవుట్‌లో 10 శాతం ఖాళీ జాగా వదలాలి. అది లేఅవుట్ వేసినవాళ్లది కాదు, కాలనీ వాళ్లదీ కాదు, గిఫ్ట్ డీడ్‌తో స్థానిక సంస్థ పేరు మీదికి పోతుంది. ఆ డీడ్ రిజిస్టర్ అయి ఉంటుంది కాబట్టి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో సర్టిఫైడ్ కాపీ దొరుకుతుంది. ప్లాను కోసం తుడాకు, అంటే తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థకు, సమాచార హక్కు దరఖాస్తు పెట్టాం. 1981లో ఏర్పడ్డ సంస్థ అది, ఆమోదించిన పాత లేఅవుట్లకు కూడా ఫైలు ఉండాలి. దరఖాస్తు రుసుము పంచాయతీ స్థాయిలో ఏమీ ఉండదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10. గడువు 30 రోజులు. ఒక ఆఫీసు నుంచి మాకు "ఫైలు దొరకడం లేదు" అని ఒక్క వాక్యంలో జవాబు వచ్చింది. అక్కడ ఆగిపోవద్దు. 30 రోజుల్లోపు మొదటి అప్పీలు వేయండి. అప్పీలు వేసిన మూడో వారానికి మా ఫైలు దొరికింది.

మీది ఆమోదం లేని లేఅవుట్ అయితే మాత్రం కథ వేరు. 2020 ఎల్‌ఆర్‌ఎస్‌లో (ఆమోదం లేని లేఅవుట్లను క్రమబద్ధం చేసే పథకం) 10 శాతం జాగా వదలని చోట ప్లాటు విలువలో 14 శాతం కట్టించుకుని క్రమబద్ధం చేశారు. బ్రోచర్‌లో పచ్చరంగు వేసి చూపించిన పార్కు రికార్డులో పార్కే కాకపోవచ్చు. అది ముందే తెలుసుకోండి, లేకపోతే ఏడాది తిరిగాక తెలిసి గుండె జారిపోతుంది.

ఇక ఎఫ్‌ఎంబీ. ఇది కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే మా పనంతా నిలబడింది దీని మీదే. పాత ఎఫ్‌ఎంబీలో కొలతలు లింకుల్లో ఉంటాయి. ఒక లింకు 0.66 అడుగు. మా వంక పోరంబోకు వెడల్పు ఆ కాగితంలో 62 లింకులు, అంటే దాదాపు 41 అడుగులు. ఆ లెక్క మొదటిసారి వేసినప్పుడు నేనే నమ్మలేక మళ్లీ వేశాను. ఎందుకంటే పెరట్లోంచి చూస్తే ఆ వంక అందులో సగం కూడా ఉన్నట్టు లేదు.

ఎఫ్‌-లైన్ పిటిషన్, అంటే హద్దులు కొలిచి చూపించమనే అర్జీ, సొంత భూమి ఉన్నవాళ్లు వేసుకునేది. వంక మన సొంతం కాదు కాబట్టి తహసీల్దారుకు అర్జీ పెట్టాం, సోమవారం గ్రీవెన్స్‌లోనూ ఇచ్చాం. నాలుగో సోమవారం తర్వాత సర్వేయరు వచ్చాడు, కుర్రాడు. ఎఫ్‌ఎంబీని స్కూటర్ సీటు మీద పరిచి, సర్వే రాయి దొరికితే గానీ కొలవలేనన్నాడు. ఎక్కడ ఉంది రాయి? చుట్టూ కంప, మట్టి దిబ్బలు. అప్పుడు గొర్రెల పెద్దాయనను పిలుచుకొచ్చాం. ఆయన మొండి చింతచెట్టు దగ్గర నిలబడి, కట్టె చాపి, తూర్పుగా పదిహేను అడుగులు నడిచి "ఈడ తవ్వండి" అన్నాడు. గడ్డపారతో మోకాలి లోతు తవ్వాక ఠంగుమంది. చేత్తో మట్టి తుడిస్తే రాతి నెత్తిన చెక్కిన గుర్తు. మా వీధి ఆడవాళ్లం చెంబుతో నీళ్లు తెచ్చి దాన్ని కడిగాం. అక్కడి నుంచి టేపు లాగితే, 41 అడుగులుండాల్సిన వంక ఇప్పుడు మిగిలింది 18 అడుగులు.

ఆ ఒక్క కొలతతో ఇంకో విషయం తేలింది. 2017 ఏపీ బిల్డింగ్ రూల్స్ ప్రకారం 10 మీటర్లకు మించిన వెడల్పున్న వాగు, కాలవ హద్దు నుంచి 9 మీటర్ల దాకా కట్టడం రాకూడదు. అంతకు తక్కువ వెడల్పైతే 2 మీటర్లు చాలు. 41 అడుగులంటే పన్నెండున్నర మీటర్లు. వంకను పూడ్చి సన్నం చేసి చూపిస్తే 2 మీటర్లు వదిలితే సరిపోతుంది, అసలు హద్దు చూపిస్తే 9 మీటర్లు వదలాలి. మా వెనక వేస్తున్న వెంచర్ ప్లానులో వంక వైపు వరస ప్లాట్లు మొత్తం ఈ తేడాలోనే ఉన్నాయి. మట్టి ఎందుకు తోలారో మాకు అప్పుడు అర్థమైంది. మీ వంక దగ్గర కూడా ముందు ఇదే చూడండి. హద్దు అంటే ఇప్పుడు కనిపించే ఒడ్డు కాదు, రికార్డులో ఉన్న హద్దు.

ఇప్పుడు మేం చేసిన తప్పు చెప్పాలి. కొలత రాకముందు, మొదటి నెలల్లో, వంక పక్కన రేకుల షెడ్డు వేసుకుని టిఫిన్ బండి నడుపుకునే ఒకామె మీద అర్జీ రాశాం. ఆమె వంకను ఆక్రమించిందని కాలనీలో అందరూ అనుకునేవాళ్లు, మేమూ అదే రాసేశాం. నోటీసు అంటించారు. ఆమె నాలుగు రోజులు బండి కట్టేసి, భర్త పేరుతో ఉన్న డీకేటీ పట్టా (ప్రభుత్వం ఇచ్చిన భూమికి పట్టా) పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగింది. కొలిచాక చూస్తే ఆమె గోడ తన హద్దుకు రెండడుగులు లోపలే ఉంది. అసలు ఆక్రమణ ఎదురు ఒడ్డున, గేటూ వాచ్‌మనూ ఉన్న కాంపౌండ్‌ది. ఆ పేరు మాలో ఒక్కరి నోటి నుంచీ రాలేదు. ఆమె పేరు రాయడం మాకు అంత సులువైపోయింది. తొమ్మిది మందిమీ ఆమె దగ్గరికి పోయి తప్పైందని చెప్పుకున్నాం, అర్జీ వెనక్కి తీసుకుంటున్నామని రాసిచ్చి నోటీసు తీయించాం. ఆమె ఏమీ అనలేదు, పెనం మీది దోసె తిప్పుతూనే ఉంది. ఆ తర్వాత పుస్తకంలో రాసుకున్నాం: రెండు కాగితాలు, ఒకసారి స్థలంలో కొలత లేకుండా ఎవరి మీదా అర్జీ పోకూడదు. దయచేసి మీరు ఈ నియమంతోనే మొదలుపెట్టండి.

ఇంకో హద్దు కూడా గీసుకోండి. అన్నదమ్ముల వాటాలు, ఇద్దరు ప్లాటు ఓనర్ల మధ్య గోడ తగాదా, డబ్బు బాకీ, ఇవేవీ కమిటీ పనులు కావు. మా దగ్గరికీ పంచాయితీ చేయమని వచ్చారు. ఒకసారి కూర్చుంటే సగం ఊరు మనకు దూరమవుతుంది. రోడ్డు, పార్కు, వంక, చెరువు, జోన్ మార్పు (మాస్టర్ ప్లానులో ఒక భూమి దేనికని రాశారో అది మార్చడం), ఇంతే మన పరిధి.

జోన్ సంగతి క్లుప్తంగా. వెంచర్‌వాళ్లు "నాలా కట్టేశాం, అన్నీ క్లియర్" అనేవాళ్లు. నాలా అంటే, 2025లో ఆ చట్టం రద్దయ్యేదాకా, వ్యవసాయ భూమిని వేరే వాడకానికి మార్చుకునే రెవెన్యూ వ్యవహారం. మాస్టర్ ప్లానులో ఆ జాగా ఏ జోన్‌లో ఉందన్నది దాంతో మారేది కాదు. జోన్ మార్చాలంటే ప్రకటన ఇచ్చి అభ్యంతరాలు పిలవాలి. మా వెనక భూమికి వచ్చిన ప్రకటనలో 15 రోజులు గడువు ఇచ్చారు, అది పేపర్లో లోపలి పేజీలో అగ్గిపెట్టంత వచ్చింది. అందుకే మాలో ఒకరి పని రోజూ ఆ పేజీలు చూడటమే. అభ్యంతరంలో "కాలనీకి ఇబ్బంది" అని రాస్తే పక్కన పెడతారు. సర్వే నంబరు, 62 లింకుల కొలత, 9 మీటర్ల రూలు, తేదీతో ఉన్న వరద ఫొటోలు పెట్టాం. చెరువులు, ఉమ్మడి జాగాలు ఆక్రమణల నుంచి విడిపించాలని 2011 జనవరి 28న జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు కూడా జత చేశాం. మీరు కార్పొరేషన్ పరిధిలో ఉంటే వార్డు సచివాలయంలో ప్లానింగ్ సెక్రటరీ దగ్గర మొదలుపెట్టొచ్చు.

పగల మాట నిజమే, దాచను. ఒక రాత్రి ఫోన్ వచ్చింది. ఒకరోజు ఒక మధ్యవర్తి వచ్చి కాఫీ తాగుతూ "మీకో ప్లాటు చూద్దాంలే అక్కా" అన్నాడు. ఆ మాట కూడా తేదీ వేసి మినిట్స్ పుస్తకంలో రాశాం, అందరం సంతకాలు పెట్టాం. మాలో ఒకరికి రియల్ ఎస్టేట్ కమీషన్ వ్యాపారం ఉందని తెలిశాక ఆయనే తప్పుకున్నారు. సొసైటీగా రిజిస్టర్ చేసుకోండి, 2001 చట్టం కింద ఏడుగురు ఉంటే చాలు. అర్జీ కింద ఒక్కరి పేరు ఎప్పుడూ వద్దు. చందా జిరాక్సులకూ ఆటో ఖర్చులకూ మాత్రమే తీసుకోండి, లెక్క నెలనెలా గోడకు అంటించండి.

ఏం సాధించారని అడిగితే, పార్కు జాగా చుట్టూ పంచాయతీ కంచె వేసింది, బోర్డు పెట్టింది. వెంచర్ ప్లాను మారి వంక వైపు వరస పోయింది. ఆ కాంపౌండ్‌కు 1905 భూ ఆక్రమణల చట్టం కింద నోటీసు ఇచ్చారు, గోడ ఇంకా ఉంది, కేసు నడుస్తోంది. 18 అడుగుల వంక మా వైపు పూడిక తీశాక 30 దాకా వచ్చింది. మిగతా 11 అడుగులు ఆ గోడ కిందే ఉన్నాయి.

మీ సర్వే నంబరు ఎఫ్‌ఎంబీ తెచ్చుకున్నాక లింకులు చదవడం కుదరకపోతే పేర్లు కనిపించకుండా ఫొటో తీసి ఇక్కడే పెట్టండి, లెక్క వేసి చెప్తాను. ఈలోగా మీ వంక పక్కన పశువులు మేపిన పెద్దవాళ్లు ఎవరైనా ఉంటే రాళ్లెక్కడున్నాయో ఇప్పుడే అడిగి రాసుకోండి. మా పెద్దాయన పోయిన సంక్రాంతికి ముందు కాలం చేశారు.