పాపని హాస్టల్లో వెయ్యడం కాదు, ముందు వాళ్ళమ్మకి వైద్యం చేయించండి

కావలి దగ్గర పల్లె నుంచి ఒక అన్న రాశారు, రొయ్యల గుంటలు చేస్తారంట. మామగారు పోయినప్పట్నుంచి ఆయన భార్యకి డిప్రెషన్, నెల్లూరులో చూపిస్తే మాత్రలు రాశారు, మత్తుగా ఉంటోందని కొన్నాళ్ళకే మానేసింది. వాళ్ళ అత్తగారు, అంటే ఆమె తల్లి, కూడా అట్టానే ఉండేదంట. ఇప్పుడు ఎనిమిదో తరగతి చదివే పాప మాట తగ్గించేసింది, "తల్లి దగ్గరుంటే ఇదీ అట్టానే అయిపోద్ది, హాస్టల్లో వేసెయ్" అంటోందంట ఆయన అక్క. ఏం చెయ్యమంటారు అని అడిగారు.

అన్నా, మీ భయం ఉత్తది కాదు. అమెరికాలో మిర్నా వైస్‌మన్ అనే ఆవిడ 1982లో మొదలెట్టి డిప్రెషన్ ఉన్న వాళ్ళ పిల్లల్ని, తర్వాత మనవళ్ళని కూడా ఏళ్ళ తరబడి చూసుకుంటా వచ్చింది, అట్టాంటి పిల్లలకి డిప్రెషన్ వచ్చే అవకాశం మిగతా పిల్లల కంటే మూడు రెట్లు దాకా ఉందని తేలింది, అదీ ఎక్కువగా మీ పాప ఇప్పుడు అడుగుపెడుతున్న వయసులోనే మొదలవుద్ది. కానీ అవకాశం ఎక్కువంటే వచ్చి తీరుద్దని కాదు, మీ అక్కకి ఈ సంగతే తెలియాలి.

ఇంకో స్టడీ ఉంది, 2006లో వచ్చింది, నన్నడిగితే మీకు పనికొచ్చేది అదే. డిప్రెషన్‌కి మందులు వాడుతున్న తల్లుల్ని, వాళ్ళ పిల్లల్ని కలిపి చూశారు, మూడు నెలల్లో తల్లి కోలుకున్న ఇళ్ళల్లో పిల్లల ఇబ్బందులు కూడా తగ్గినాయి. తల్లి కోలుకోని ఇళ్ళల్లో పెరిగినాయి. అందుకే పాపని దూరం పెట్టడం మందు కాదు, వాళ్ళమ్మ మానేసిన మాత్రల సంగతి ముందు చూడండి. మత్తుగా ఉంటే డోసు మారుస్తారు, మందే మారుస్తారు, ఆ మాట డాక్టరుకి చెప్పాలి గానీ మనకి మనం ఆపేస్తే ఎట్టా? పని చెయ్యడానికే నాలుగు నుంచి ఆరు వారాలు పడుద్ది, బాగైనాక కూడా కనీసం ఆరు నెలలు వాడమంటారు. నెల్లూరు పెద్దాసుపత్రిలో మానసిక వైద్యం ఓపీ ఉంది, ఖర్చు గురించి ఆగొద్దు.

మీరు రాసిన ఒక మాట దగ్గర నేను ఆగిపోయాను. పాప బడి నుంచి రాగానే బ్యాగు కూడా దించకుండా అమ్మ తల దువ్వుకుందా లేదా చూస్తదని, దువ్వుకోకపోతే ఆ రోజు ఖోఖోకి పోకుండా తమ్ముడికి అన్నం పెట్టి ఇంట్లోనే కూర్చుంటదని. ఎంత బరువు మోస్తోందో చూడండి ఆ బిడ్డ. దానికి ఎవరన్నా ఏమన్నా చెప్పారా అసలు? చెప్పకపోతే పిల్లలు తమ వల్లే అనుకుంటారు. బోస్టన్‌లో విలియం బియర్డ్‌స్లీ అనే డాక్టరు ఇట్టాంటి ఇళ్ళల్లో పెరిగి కూడా బాగున్న పిల్లలతో మాట్లాడితే, అమ్మకో నాన్నకో జబ్బు ఉంది, దానికి కారణం నేను కాదు అని వాళ్ళకి బాగా తెలుసంట. మీరు కూడా ఎప్పుడన్నా బండి మీద తీసకపోతా మామూలుగా చెప్పండి, "అమ్మకి డిప్రెషన్ అని జబ్బు చేసిందమ్మా, నీ వల్ల రాలేదు, తగ్గించాల్సిన పని నీది కాదు, డాక్టరుది, నాది" అని. ముందు వాళ్ళమ్మతో అనుకుని చెప్పండి, చాటుగా వద్దు.

ఖోఖో మాత్రం మాన్పించొద్దు. 2016లో బ్రిటన్ వాళ్ళు ఇట్టాంటి 262 మంది పిల్లల్ని చూస్తే 53 మంది కొన్నేళ్ళ పాటు ఏ మానసిక ఇబ్బందీ లేకుండా నిలబడ్డారు, వాళ్ళకి తోడైన వాటిల్లో ఒంటికి పని చెప్పే ఆటలు, స్నేహితులు, ఇంట్లో రెండో పెద్దమనిషి అండ ఉన్నాయి. ఆ రెండో మనిషి మీరే. గుంటల దగ్గర రాత్రి కాపలా ఉంటదని తెలుసు, అయినా సాయంత్రం అన్నం తినే టైముకి ఇంట్లో ఉండండి.

పాపనీ కనిపెట్టుకోండి. రెండు వారాలకి మించి ఏడుపు, చిరాకు, నిద్రా తిండీ మారిపోవడం, చదువు మీద ధ్యాస పోవడం ఉంటే పాపని కూడా డాక్టరుకి చూపించండి. తల్లైనా పిల్లైనా చచ్చిపోవాలని ఉందంటే మాత్రం ఆ పూటే తీసకపోండి, దగ్గర ఒక మనిషి ఉండాలి, టెలీమానస్ అనే ప్రభుత్వ హెల్ప్‌లైన్ 14416కి రాత్రి పగలు ఎప్పుడు చేసినా తెలుగులో మాట్లాడతారు, డబ్బులేం పడవు.

ఇంకా మీ అక్క సంగతి. పాప ముందు "అమ్మ పోలికే" అనే మాట ఇంట్లో ఎవరూ అనకూడదని గట్టిగా చెప్పండి. పాప తనంతట తను చదువుకోసం హాస్టల్‌కి పోతానంటే అది వేరే, అప్పుడు ఆలోచిద్దాం. మందులు మళ్ళీ మొదలెట్టినాక నెలకో రెణ్ణెల్లకో ఇంట్లో ఎట్టా ఉందో రాయండి.