చార్జ్ కంట్రోలర్ పోర్ట్ నుంచే ఈఎస్‌పీ32కి పవర్ ఇవ్వొచ్చా?

ఈపీఎవర్ ట్రేసర్ ఏఎన్ లాంటి, సోలార్ ప్యానెల్‌తో బ్యాటరీని చార్జ్ చేసే కంట్రోలర్‌కి ఆర్‌జే45 పోర్ట్ (నెట్ కేబుల్‌కి ఉండేలాంటి 8 పిన్నుల సాకెట్) ఉంటుంది, అందులో 5 వోల్టులు కూడా వస్తున్నాయి కదా, కంట్రోలర్ రీడింగులు చదవడానికి పెట్టే ఈఎస్‌పీ32ని (వైఫై ఉన్న చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డు) దాంతోనే నడిపేద్దామా అన్నది ప్రశ్న. వోల్టులు సరిపోతాయి, చిక్కంతా కరెంటుతోనే. 1, 2 పిన్నుల్లో వచ్చే ఆ 5 వోల్టులు రిమోట్ డిస్‌ప్లే కోసం ఇచ్చినవి, ఈఎస్‌పీ32 ఏమో వైఫై సిగ్నల్ పంపే క్షణంలో 240 మిల్లీఆంపియర్ల దాకా లాగుతుంది, అప్పుడు వోల్టేజీ పడిపోతే బోర్డు రీసెట్, మళ్లీ వైఫై, మళ్లీ రీసెట్, మనమేమో కోడ్‌లో తప్పు వెతుక్కుంటూ కూర్చుంటాం. మీటర్ పెట్టి చూసినా 5 వోల్టులే కనిపిస్తాయి, ఎందుకంటే ఆ పడిపోవడం మిల్లీసెకన్లలో అయిపోతుంది. వైఫై లేని ఆర్డుయినో ప్రో మినీ బోర్డు, దానికో చిన్న సెన్సర్ అయితే నడిచిపోతుంది.

నేనైతే పోర్ట్ నుంచి డేటా మాత్రమే తీసుకుంటాను: 5, 6 పిన్నులు ఏ, 3, 4 బీ (ఈ రెండూ ఆర్‌ఎస్485 అనే డేటా లైను తీగలు), 7, 8 గ్రౌండ్. పవర్ మాత్రం బ్యాటరీ నుంచి బక్ కన్వర్టర్‌తో (బ్యాటరీ వోల్టేజీని 5 వోల్టులకి దించే మాడ్యూల్), ప్లస్ వైరుకి బ్యాటరీ దగ్గరే 1 ఆంపియర్ ఫ్యూజు పెట్టి. 24 వోల్టుల బ్యాటరీ చార్జింగ్‌లో 28 దాటుతుంది, కాబట్టి 28 వోల్టుల చిట్టి మాడ్యూల్ వద్దు, 40 దాకా తట్టుకునే ఎల్‌ఎం2596 తీసుకోండి.

లోడ్ టెర్మినల్ నుంచా? బ్యాటరీ దిగగానే కంట్రోలర్ లోడ్ కట్ చేస్తుంది, సరిగ్గా రీడింగ్ కావాల్సినప్పుడే బోర్డు ఆగిపోతుంది.

ఇంకోటి, ఆ ఏ, బీ సిగ్నల్‌ని బోర్డుకి అర్థమయ్యేలా మార్చే మ్యాక్స్485 అనేది 5 వోల్టుల చిప్, ఈఎస్‌పీ32 పిన్నులేమో 3.3 వోల్టులవి, దాని అవుట్‌పుట్ నేరుగా ఈఎస్‌పీ32కి కలపొద్దు, 3.3 వోల్టుల మ్యాక్స్3485 వాడితే ఆ టెన్షనే ఉండదు.