వాడిన సూదిని ఎక్కడ వేయాలి: మేనకోడలికి ఒక లేఖ

చి. సౌ. మేనకోడలికి,
అత్తయ్య ఆశీస్సులు.

మీ నాన్నకు ఇన్సులిన్ మొదలుపెట్టారని, ఇంజెక్షన్ చేయడం నీకు బాగానే చేతికి వచ్చిందని మొన్న ఫోన్‌లో చెప్పావు. వాడిన సూదులను పాల ప్యాకెట్ కవరులో చుట్టి చెత్తబుట్టలో వేస్తున్నానని కూడా అన్నావు. ఈ ఉత్తరం ఆ మాట విని రాస్తున్నదే. ఇంజెక్షన్ ఎలా చేయాలో ఆసుపత్రిలో ఓపికగా నేర్పుతారు గానీ, చేసిన తరువాత ఆ సూది ఏమి కావాలో చెప్పేవారు తక్కువ. నర్సుగా పనిచేసినంత కాలం, ఇన్సులిన్‌తో ఇంటికి వెళ్లే రోగుల బంధువులకు నేను ఈ విషయం చెప్పి పంపేదాన్ని.

రోజుకు రెండు పూటలా ఇన్సులిన్, ఒకసారి వేలి నుంచి రక్తం తీసి చూడడం అనుకున్నా, నెలకు 90 మొనలు మీ ఇంటి నుంచి బయటికి పోతాయి. ఆ కవరును స్వచ్ఛ ఆటోలోకి ఎత్తే మనిషికి గానీ, తడి చెత్తనూ పొడి చెత్తనూ చేతులతో వేరుచేసే మనిషికి గానీ, డంపింగ్ యార్డులో ప్లాస్టిక్ ఏరుకునే మనిషికి గానీ లోపల సూది ఉందని తెలియదు. ఇన్సులిన్ పెన్నుకు తొడిగే సూది పొడవు 4 మిల్లీమీటర్లే ఉండవచ్చు, కంటికి ఆనకపోవచ్చు, కానీ పలుచని కవరును చీల్చుకుని వేలిలోకి దిగడానికి అది చాలు. నాన్నకు ఏ అంటువ్యాధీ లేదు కదా అనుకోవద్దు. గుచ్చుకున్న మనిషికి ఆ సూది ఎవరిదో తెలియదు కనుక, అతడు పరీక్షల చుట్టూ తిరుగుతూ నెలల తరబడి భయపడవలసి వస్తుంది. హెపటైటిస్-బి వైరస్ శరీరం బయట కనీసం 7 రోజులు బతికి ఉండగలదు. హెపటైటిస్-సి, హెచ్‌ఐవీ కూడా ఇలా సూది గుచ్చుకుని సోకే అవకాశం ఉంది.

కాబట్టి ముందుగా ఒక డబ్బా చూసుకో. బట్టల లిక్విడ్ లేదా ఫినాయిల్ వచ్చిన గట్టి ప్లాస్టిక్ డబ్బా, మర బిగించే మూత ఉన్నది, ఇందుకు సరిగ్గా సరిపోతుంది. బొటనవేలితో గట్టిగా నొక్కి చూడు; లోపలికి సొట్ట పడితే అది పనికిరాదు. మంచినీళ్ల సీసాలు పలుచగా ఉంటాయి కనుక వాటిని వాడవద్దు. ఆ డబ్బాను వంటింటి మూలలోనో బాల్కనీలోనో కాకుండా, మీరు ఇంజెక్షన్ చేసే చోటే, పిల్లలకు అందని ఎత్తులో పెట్టు. నేను గట్టిగా చెప్పదలచింది ఇదే: వాడిన సూదిని బల్ల మీద పెట్టి, 'తర్వాత పారేద్దాం' అనుకుని పక్క పనికి వెళ్లిన ఆ కాసేపట్లోనే ఇంట్లోవారికి గుచ్చుకుంటుంది.

సిరంజి వాడితే మూత తిరిగి పెట్టకుండా, సూదిని వంచకుండా, విరచకుండా, సిరంజితో సహా నేరుగా డబ్బాలో వేయాలి. ఇన్సులిన్ పెన్ను అయితే లోపలి చిన్న మూతను మళ్లీ తొడగడానికి ఎన్నడూ ప్రయత్నించవద్దు, వేలికి గుచ్చుకునేది ఎక్కువగా అప్పుడే. బయటి పెద్ద మూతను బల్ల మీద బోర్లించకుండా నోరు పైకి ఉండేలా నిలబెట్టి, రెండో చేయి దాని దగ్గరికి రానీయకుండా, పెన్నును ఒక్క చేత్తో అందులోకి దించి, ఆ తరువాత మూతను పట్టుకుని తిప్పితే సూది ఊడి వస్తుంది. దాన్ని అలాగే డబ్బాలో జారవిడువు. షుగర్ చూసే గ్లూకోమీటర్‌తో వచ్చే లాన్సెట్‌ను, అంటే వేలికి గుచ్చే చిన్న సూదిని కూడా, వేళ్లతో పీకకుండా, పరికరానికి ఉన్న మీటతోనే బయటికి తోసి డబ్బాలో వేయి. చుట్టపు చూపుగా వచ్చినవారు 'మాకూ ఒకసారి షుగర్ చూడమ్మా' అని అడుగుతారు. నాన్న వాడే లాన్సెట్‌తోనూ, ఆ గుచ్చే పరికరంతోనూ వాళ్ల వేలు గుచ్చవద్దు, వాళ్లు ఎంత దగ్గరివారైనా సరే.

డబ్బా ముప్పావు వంతు నిండగానే ఆపి, మూత బిగించి, చుట్టూ టేపు వేసి, 'వాడిన సూదులు, తెరవవద్దు' అని పెద్ద అక్షరాలతో రాయి. హైదరాబాదులో ఉంటున్నావు కనుక హిందీలో కూడా రాయి, చదువు రానివారి కోసం ఎర్ర స్కెచ్ పెన్నుతో ఒక సూది బొమ్మ వేయి.

2016 నాటి కేంద్ర ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు ఇళ్లలో వాడిన సూదులనూ సిరంజిలనూ గృహ ప్రమాదకర వ్యర్థాలలో చేర్చి, వాటిని తడి చెత్తలోనూ పొడి చెత్తలోనూ కలపకుండా విడిగా ఇవ్వాలని చెప్పాయి. అయితే వాటిని తీసుకునే కేంద్రం ప్రతి వాడలోనూ కనబడదు. అందుకే నాన్నను చూపించే ఆసుపత్రిలోనో, రక్తపరీక్షలు చేయించే ల్యాబులోనో, నిండిన డబ్బా తీసుకుంటారా అని ముందుగానే అడుగు. వాళ్ల దగ్గర సూది మొన చీల్చుకుని బయటికి రాలేని తెల్లని పెట్టెలు ఉంటాయి, వాటిని పట్టుకెళ్లే ఏర్పాటూ ఉంటుంది. తీసుకుని తీరాలని వాదించవద్దు, మర్యాదగా అడిగితే ఒప్పుకునేవారు ఉన్నారు. ఊరికి వెళ్లినప్పుడు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనో, ఊళ్లో ఆరోగ్య సేవలు చూసే నర్సు ఏఎన్ఎంనో అడుగు. ఎక్కడా కుదరకపోతే, సీలు వేసిన డబ్బాను స్వచ్ఛ ఆటో అతని చేతికే ఇచ్చి, లోపల ఏముందో నోటితో చెప్పి, విడిగా పెట్టమను. కాల్చడం, పెరట్లో పూడ్చడం, కాలువలో వేయడం, మరుగుదొడ్డిలో వదలడం, ఇవేవీ చేయవద్దు. సెప్టిక్ ట్యాంకు శుభ్రం చేసేవారివీ చేతులే కదా.

ఎంత జాగ్రత్తగా ఉన్నా ఎవరికైనా గుచ్చుకుంటే, ఆ చోటును పిండకుండా, నోట్లో పెట్టుకోకుండా, పారే నీటి కింద సబ్బుతో బాగా కడిగి, ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. హెచ్‌ఐవీ సోకకుండా ఇచ్చే మందులు అవసరమైతే 72 గంటల లోపే మొదలుపెట్టాలి, ఎంత తొందరగా మొదలుపెడితే అంత మంచిది. హెపటైటిస్-బికి టీకా ఉంది. మొదటిది వేసుకున్న నెలకు రెండోది, ఆరు నెలలకు మూడోది వేస్తారు. నువ్వు ఇదివరకు వేయించుకోకపోతే ఈ వారమే మొదలుపెట్టు. మీ ఇంట్లో చెత్తబుట్ట ఖాళీ చేసేది పనమ్మాయి కనుక, ఆమెకు కూడా ఆ మూడు డోసులూ నీ ఖర్చుతోనే వేయించు.

మీ అత్తయ్య