పీరియడ్ వేరు, గంట వేరు

ప్రశ్న: హైస్కూల్లో 6 నుంచి 8 తరగతులకు లెక్కలు చెబుతాను. వారానికి 36 పీరియడ్లు. మా బావమరిది యూనివర్సిటీలో అసిస్టెంట్ ప్రొఫెసర్, ఆయనకు 16 గంటలే. నా పని రెట్టింపు కంటే ఎక్కువే కదా?
– ఒక టీచర్, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: వారం లెక్కలో కాదండీ, పీరియడ్ 45 నిమిషాలైతే ఏడాది లెక్కలో అవును. ముందు పీరియడ్లను నిమిషాల్లోకి మార్చండి. పీరియడ్ 45 నిమిషాలైతే 36 పీరియడ్లంటే 27 గంటలు. అదే 40 నిమిషాలైతే 24 గంటలే. చాలామంది ఇక్కడే పొరబడతారు.

ఇక ఏడాది సంగతి. విద్యాహక్కు చట్టం ప్రకారం మీ తరగతులకు 220 పనిదినాలు. వారానికి ఆరు రోజుల చొప్పున 36 వారాల పైచిలుకు, అంటే వారానికి 27 గంటల లెక్కన మీకు సుమారు 990 గంటలు. యూనివర్సిటీలను పర్యవేక్షించే యూజీసీ 2018 నిబంధనల్లో 30 వారాలు. ఆయనకు 480 గంటలు.

అయితే పాఠం చెప్పడమొక్కటే పని కాదు. చట్టం టీచరుకు ప్రిపరేషన్‌తో కలిపి వారానికి కనీసం 45 గంటలంది. 27 తీసేస్తే మిగిలేవి 18. యూనివర్సిటీలో వారానికి 40 గంటల పని, అందులో పాఠాల 16 పోగా 24. అంటే గంట పాఠానికి మీకు 40 నిమిషాల వెసులుబాటు, ఆయనకు గంటన్నర. ఆ గంటన్నరలోనే పరిశోధన కూడా చేయాలనుకోండి. మీ 18 గంటలు ఎటు పోతాయో చూడండి: సెక్షన్‌కు 40 నోట్సులు, ఒక్కోటి దిద్దడానికి 3 నిమిషాలు, మొత్తం 2 గంటలు. ఆరు సెక్షన్లకు ఒక విడత దిద్దేసరికి 12 గంటలు అయిపోతాయి. మిగిలిన ఆరింటిలో లీజర్ పీరియడ్‌ను సబ్‌స్టిట్యూషన్ (రాని టీచర్ క్లాసుకు వెళ్లడం) మింగేస్తుంది. మా దృష్టిలో మీ అసలు ఇబ్బంది పీరియడ్ల సంఖ్య కాదు, ఇదే.

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ హాస్టల్లో రోజుకు 12 గంటలు చదువుతున్నాడు. జర్మనీలో ఎం.ఎస్. చేస్తున్న మా అక్క కూతురికి వారానికి 20 గంటలే క్లాసులట. అక్కడి చదువు అంత తేలికా?
– ఒక తల్లి, పటమట, విజయవాడ

జవాబు: మీవాడి 12లో స్టడీ అవర్స్ కలిశాయి, ఆ అమ్మాయి 20లో కలవలేదు. పైగా అక్కడి టైమ్‌టేబుల్లో ‘గంట’ అంటే 45 నిమిషాలు. కాబట్టి 20 అంటే నికరంగా 15 గంటలే. సెమిస్టర్‌కు 30 క్రెడిట్లు (చదువు పనిని కొలిచే యూనిట్లు), క్రెడిట్‌కు సాధారణంగా 30 గంటల పని, మొత్తం 900 గంటలు. 14 వారాల క్లాసులు 210 గంటలకు మించవు. మిగతా 690 గంటలు ఎవరూ బెల్లు కొట్టరు, తనే కూర్చుని చదవాలి. ఖాళీ టైమ్‌టేబుల్ చూసి పార్ట్‌టైమ్ పనికి ఎక్కువ గంటలు ఒప్పుకుంటే పరీక్షల ముందు దొరికిపోతారు.

మీ అబ్బాయి చేత ఒక్కరోజు 12 గంటల్నీ కాగితం మీద రాయించండి: లెక్చరర్ చెప్పినవి ఎన్ని, స్లిప్ టెస్టుకు ఎన్ని, ఎవరి సాయమూ లేకుండా లెక్కలు చేసినవి ఎన్ని. చివరిది రెండు గంటలు కూడా లేకపోతే 12 అన్న అంకెను చూసి ధీమా పడకండి.

ప్రశ్న: బి.టెక్‌లో మూడు గంటల థియరీకి 3 క్రెడిట్లు, మూడు గంటల ల్యాబ్‌కు ఒకటిన్నరే. ఎందుకు?
– ఒక విద్యార్థి, మంగళగిరి

జవాబు: సాంకేతిక విద్యా మండలి ఏఐసీటీఈ లెక్కలో వారానికి గంట లెక్చర్‌కు 1, గంట ప్రాక్టికల్‌కు అర క్రెడిట్. థియరీకి ఇంటి దగ్గర కూడా చదవాలి, ల్యాబ్ పని చాలావరకు ల్యాబ్‌లోనే అయిపోతుందన్నది ఆలోచన. మరి రాత్రి ఒంటిగంట దాకా రాసే రికార్డు మాటేమిటంటారా, ఆ ఫిర్యాదు సబబే.