ఊపిరి బిగబట్టమని, వదలమనడం మరిచిపోయాను

ప్రశ్న: డాక్టర్ అక్కకు నమస్తే. నేను కిర్గిజ్‌స్తాన్‌లోని బిష్కెక్‌లో ఎంబీబీఎస్ ఐదో ఏడు చదువుతున్నాను. మాది కోదాడ దగ్గర పల్లె. జనవరిలో థెరపీ, అంటే జనరల్ మెడిసిన్ పరీక్ష ఉంది. ఒక పేషెంట్‌ని అప్పగిస్తారు, హిస్టరీ తీసి, ఒళ్ళు పరీక్ష చేసి ప్రొఫెసర్‌కి చెప్పాలి. ఆ తర్వాత బిలెట్, అంటే ప్రశ్నల చీటీ తీసి ప్రశ్నలకు జవాబు చెప్పాలి. మా హాస్టల్లో సగం మంది వార్డుకి డుమ్మా కొట్టి, విదేశంలో చదివినవాళ్ళు ఇండియాలో డాక్టరీ చేయడానికి రాయాల్సిన ఎఫ్ఎంజీఈ పరీక్ష వీడియోలు చూస్తున్నారు. నాకు రష్యన్ అంతంత మాత్రం. మంచం దగ్గరికి వెళ్తే నోరు పెగలదు. ఈ రెండు పరీక్షలకీ ఎలా చదవాలి అక్కా?

జవాబు: చెల్లీ, ముందు నా సంగతి ఒకటి చెప్తాను, నీ టెన్షన్ కాస్త దిగుతుంది. నేనూ ఆ ఊళ్ళోనే చదివాను. నాలుగో ఏడు పరీక్షలో నాకు వచ్చిన పేషెంట్ డెబ్బై ఏళ్ళ కిర్గిజ్ ముసలావిడ. తలకు పూల రుమాలు, పక్కన స్టూలు మీద సగం తాగిన టీ. గుండె చప్పుడు బాగా వినపడాలని "నె దిషీత్యె" అన్నాను, ఊపిరి బిగబట్టండి అని. ఆవిడ బుద్ధిగా బిగబట్టింది. మర్మర్, అంటే గుండెలో అదనపు చప్పుడు, ఉందో లేదో తేలక నేను స్టెతస్కోప్‌ని అటూ ఇటూ జరుపుతూనే ఉన్నాను. వదలమని చెప్పాలన్న ధ్యాసే లేదు. ప్రొఫెసరమ్మ నా భుజం తట్టి ఆవిడ మొహం చూపిస్తే అప్పుడు చూశాను, కందగడ్డలా ఉంది. "దిషీత్యె, దిషీత్యె" అని అరిచాను. ఆవిడ ఊపిరి వదిలి, కాసేపు దగ్గి, ఆనక పకపకా నవ్వింది. నాకు ఐదుకి మూడు వేశారు. గట్టెక్కాను, అంతే.

మర్మర్ల పట్టిక మొత్తం నాకు నోటికి వచ్చు. నోటికి వచ్చింది చేతికి రాలేదు. నీ భయం కూడా అదేనని నాకు అనిపిస్తోంది.

భాష సంగతి చూద్దాం. నువ్వు రష్యన్ వ్యాకరణం జనవరిలోపు నేర్చుకోలేవు, అక్కర్లేదు కూడా. రోగం చెప్పుకునే మాటలు ఒక నలభై చాలు. అదీష్కా అంటే ఆయాసం, కాషెల్ దగ్గు, మక్రోతా కఫం, అత్యోకి వాపులు, ఇజ్జోగా గుండెల్లో మంట. "ష్తో వాస్ బెస్పకోయిత్" అంటే ఏమిటి మీ బాధ అని. "గ్ద్యె బలీత్" అని నొప్పి ఎక్కడో అడుగు. ఎక్కడైనా చెయ్యి వేసే ముందు "మోజ్నా?" అను, వేయొచ్చా అని. ఆ ఒక్క మాటకి సగం మంది పేషెంట్లు మెత్తబడతారు. పెద్ద వయసు కిర్గిజ్ ఆడవాళ్ళని "ఆపా" అని పిలువు. మనం పెద్దమ్మా అన్నట్టే.

అయితే పుస్తకంలో మాట పేషెంట్ నోట రాదు. "అదీష్కా ఉందా" అని నువ్వు అడిగితే, "గాలి చాలట్లేదమ్మా" అని వాళ్ళ మాటల్లో చెప్తారు. మన దగ్గర మాత్రం ఏమిటి? శ్వాసకృచ్ఛ్రం అని ఎవరైనా అంటారా? దమ్మొస్తోంది అంటారు, ఎగపోస్తోంది అంటారు. అందుకే జేబులో చిన్న పుస్తకం పెట్టుకుని వార్డుకి పో. వాళ్ళు అన్నది అన్నట్టు తెలుగు లిపిలో రాసుకో. నర్సుని అడిగి అర్థం పక్కనే రాసుకో. రోజుకి ఒక్క పేషెంట్ చాలు, కానీ ఆ ఒక్కరి హిస్టరీ మొదటి నుంచి చివరిదాకా తియ్యి. పది మంది మంచాల చుట్టూ గుంపులో నిలబడి తొంగి చూసినదానికన్నా అది మేలు.

ఇక చేతి పని. పెర్కషన్‌లో, అంటే వేలితో ఒంటి మీద తట్టి వినడంలో, చప్పుడు తేడా తెలియడం లేదని చాలామంది ఏడుస్తారు. హాస్టల్లో బియ్యం డబ్బా ఉందిగా? మూత పెట్టి, పక్క నుంచి వేలితో కొడుతూ బియ్యం ఎక్కడిదాకా ఉందో చెప్పు, మూత తీసి చూసుకో. ఇది నా తెలివి కాదు. 1761లో ఈ పద్ధతి గురించి మొదట పుస్తకం వేసిన ఆవెన్‌బ్రుగ్గర్ ఆస్ట్రియా డాక్టరు, వాళ్ళ నాన్న సత్రం నడిపేవాడు. అక్కడ వైన్ పీపాలు కొట్టి చూడటం చూసే ఆయనకి ఈ ఆలోచన వచ్చిందంటారు. డబ్బా అయ్యాక రూమ్మేట్ లివర్ మీద పడు. తట్టి చూసి లివర్ సైజు చెప్పే కుర్లోవ్ కొలతలు 9, 8, 7 సెంటీమీటర్లు అక్కడ తప్పకుండా అడుగుతారు. మధ్యవేలి గోరు కత్తిరించుకో. జనవరి చలిలో బయటి నుంచి వచ్చిన చేతులు ఐసుముక్కల్లా ఉంటాయి, అలాగే పొట్ట మీద పెడితే పొట్ట రాయి అవుతుంది, నీకేమీ తగలదు. వార్డులో కిటికీ కింద బతరేయా ఉంటుంది, వేడి నీళ్ళు పారే ఇనుప రేడియేటర్. ముందు దాని మీద చేతులు పెట్టుకో. తెల్ల కోటు, టోపీ, బూట్లకి తొడిగే బఖీలి, మార్కులు వేసే జచ్యోత్కా పుస్తకం ముందు రోజు రాత్రే సంచిలో సర్దుకో. వీటికోసం పొద్దున్నే పరిగెత్తి గుండెదడతో పరీక్షకి పోయినవాళ్ళని చూశాను.

మీ హాస్టల్ వాళ్ళది పూర్తిగా తప్పు అనను. ఎఫ్ఎంజీఈ చిన్న విషయం కాదు. ఒకే రోజు 300 ప్రశ్నలు, 150 రావాలి. నెగటివ్ మార్కులు లేకపోయినా తప్పేవాళ్ళే ఎక్కువ. కానీ అందులో పేషెంట్ ఉండడు. అది పాసయ్యాక మళ్ళీ ఇక్కడ ఏడాది ఇంటర్న్‌షిప్ ఉంటుంది. అర్ధరాత్రి క్యాజువాలిటీలో ఎవరూ నాలుగు ఆప్షన్లు ఇవ్వరు. పైగా వార్డులో చూసిన కేసుని ఆ రాత్రే ఎంసీక్యూల్లో చదివితే మరిచిపోవడం కష్టం. నేను ఐదో ఏడంతా అలాగే చదివాను. పొద్దున సిరోసిస్ పేషెంట్ దొరికితే రాత్రికి లివర్ ప్రశ్నలే.

ఒక్క చోట మాత్రం జాగ్రత్త. అక్కడి పేర్లు వేరు, ఇక్కడి పేర్లు వేరు. అక్కడ బోత్కిన్ జబ్బు అంటే మన హెపటైటిస్ ఎ. బెఖ్తెరెవ్ జబ్బు అంటే యాంకిలోజింగ్ స్పాండిలైటిస్. బజెదోవ్ జబ్బు మనకి గ్రేవ్స్. నడుము మీద తట్టి చూసే పాస్తెర్నాత్‌స్కీ సింప్టమ్ పేరు ఇక్కడ చెప్తే ఎదుటివాళ్ళు తెల్లమొహం వేస్తారు, రీనల్ యాంగిల్ టెండర్‌నెస్ అనాలి. లెక్కలూ అంతే. అక్కడ షుగర్ 7 అంటే ఇక్కడ 126. పద్దెనిమిదితో గుణించుకో. హిమోగ్లోబిన్ 110 అంటే 11. మా నాన్న ఫోన్ చేసి షుగర్ 180 వచ్చిందమ్మా అంటే నేను ఒక్క క్షణం హడలిపోయాను, మనసులో ఉన్నది అక్కడి లెక్క కాబట్టి. ఒక పేజీని రెండు గళ్ళు చేసి ఇవన్నీ ఎదురెదురుగా రాసి మంచం పక్కన గోడకి అతికించుకో.

బిలెట్ల గురించి అడగలేదు కానీ చెప్తాను. బోర్లించిన చీటీల్లో ఒకటి తీస్తావు కదా, తీశాక మొహం చిట్లించకు. వాళ్ళు చూసేది ముందు నీ మొహమే.

ప్రశ్న: మా అబ్బాయి జార్జియాలో మెడిసిన్ మూడో సంవత్సరం. అక్కడ అంతా ఇంగ్లీష్ మీడియమే, జార్జియన్ నేర్చుకోవడం టైమ్ వేస్ట్ అంటున్నాడు. నిజమేనా? - ఒక తండ్రి, సూర్యాపేట

జవాబు: అన్నయ్య గారూ, పాఠం ఇంగ్లీషే. మంచం మీద పడుకున్న తాతకి ఇంగ్లీష్ రాదు. జార్జియన్‌కి 33 అక్షరాలు. మన వర్ణమాల, గుణింతాలు, వత్తులు నేర్చిన పిల్లవాడికి అదో లెక్కా? "సాద్ గ్ట్కివాత్" అంటే ఎక్కడ నొప్పి అని అర్థం. ఈసారి వీడియో కాల్‌లో మీ అబ్బాయిని ఆ మాట ఒకసారి పలకమనండి. పలకలేకపోతే వార్డుకి వెళ్తున్నాడో లేదో మెల్లగా అడగండి, కోప్పడకుండా.