ర్యాంగ్లర్‌కి ఎన్‌వీ4500 గేర్‌బాక్స్: కిరణ్‌కి మావయ్య ఉత్తరం

చి. కిరణ్‌కి,

ఆశీస్సులు. నీ 1999 జీప్ ర్యాంగ్లర్‌లో ఉన్న ఏఎక్స్15 గేర్‌బాక్స్ దించేసి ఎన్‌వీ4500 ఎక్కిస్తానని రాశావు. చెయ్యదగిన పనే. కానీ బాక్స్ దొరికితే సగం పని అయిపోయినట్టే అన్నావు చూడూ, అక్కడే పొరపాటు. ఇల్లు అలకగానే పండగ కాదు. ఇందులో బాక్స్ మార్చడం నాలుగో వంతు. మిగతా ముప్పాతిక, పొడవూ బరువూ ఉన్న ఆ బాక్స్ కోసం చుట్టూ ఉన్నవన్నీ సర్దడమే. నీ బండి ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం 93.4 అంగుళాలే కదా. బాక్స్ తినే ప్రతి అంగుళమూ వెనక షాఫ్ట్‌లోంచే (చక్రాలకి తిప్పుడు మోసే కడ్డీలోంచే) పోతుంది.

ముందు లెక్క చూసుకో. నీ ఏఎక్స్15 మొదటి గేరు నిష్పత్తి 3.83. ట్రాన్స్‌ఫర్ కేస్ (ముందు, వెనక చక్రాలకి శక్తిని పంచే పెట్టె) ‘లో రేంజ్’, అంటే మెల్లగా పాకే గేరు, 2.72, యాక్సిల్ 4.56. మూడూ గుణిస్తే 47.5, అంటే చక్రం ఒక చుట్టుకి ఇంజన్ అన్ని చుట్లు తిరుగుతుంది. ఎన్‌వీ4500 మొదటి గేరు 5.61, దాంతో 69.6 వస్తుంది. బాగానే ఉంది. కానీ గేర్‌బాక్స్ జోలికి పోకుండా నీ ట్రాన్స్‌ఫర్ కేస్‌లో 4:1 లో రేంజ్ కిట్ వేసినా 69.9 వస్తుంది. రాళ్ల మీద మెల్లగా పాకడం ఒక్కటే నీకు కావాలంటే ఆ కిట్ చవక, పని తక్కువ, షాఫ్ట్ పొడవుకీ పెద్ద చిక్కు ఉండదు. రేపో మాపో టైర్లు పెద్దవి చేస్తావనుకో, వెనక ట్రైలర్ కడతావనుకో, హై రేంజ్‌లో కూడా లాగుడు కావాలి, బాక్స్ మొండిది కావాలి అనుకుంటేనే ఎన్‌వీ4500. ఏది కావాలో తేల్చుకున్నాకే చదవడం కొనసాగించు.

దీని గేర్లు వరసగా 5.61, 3.04, 1.67, 1.00, 0.73. వీటి మధ్య ఎడం చూశావా? లారీ గేర్లలా ఉంటాయి. ఒకటో గేరు నుంచి రెండుకి మారితే ఇంజన్ వేగం దాదాపు సగానికి పడిపోతుంది. అందుకని రోడ్డు మీద రెండో గేరులోనే బయల్దేరాలి, ఒకటోది కొండకీ బురదకీ బరువుకీ దాచుకోవాలి. గేరు మార్చడంలో తొందర పనికిరాదు. లోపలి గేర్లు పెద్దవి, వాటిని ఆపి మళ్లీ తిప్పడానికి సింక్రోకి (గేర్ల వేగాలు కలిపే రింగుకి) సమయం పడుతుంది. హైవే మీద మాత్రం సుఖమే. 33 అంగుళాల టైరుతో గంటకి 65 మైళ్ల దగ్గర ఐదో గేరులో ఇంజన్ నిమిషానికి 2,200 చుట్లు తిరుగుతుంది. ఇప్పుడున్న బాక్స్ ఐదో గేరు 0.79 కాబట్టి అదే వేగానికి 2,380 దాకా తిరుగుతోంది.

పాత ఎస్‌ఎం465 వేస్తే ఎలా ఉంటుందని కూడా అడిగావు. మొదటి గేరు 6.55, చావే లేని బాక్స్, ధరా తక్కువ. కానీ నాలుగే గేర్లు, ఓవర్‌డ్రైవ్ (1 కన్నా తక్కువ నిష్పత్తి గేరు) లేదు. నీ 4.56 యాక్సిల్‌తో 65 దగ్గర 3,000 దాటుతుంది. పని దగ్గరికి ట్రైలర్ మీద మోసుకెళ్లే బండికైతే సరే. ఆఫీసుకి కూడా నడిపే బండికి వద్దు.

ఇక కొనడం సంగతి. ఎన్‌వీ4500లో రెండు కుటుంబాలున్నాయి. ఒకటి జీఎమ్ ట్రక్కులది, రెండోది డాడ్జ్‌ది. రెండిటికీ ముందు మొహం మీద బోల్టుల అమరిక వేరు, ఒకదాన్ని నీ ఇంజన్‌కి కలిపే అడాప్టర్ ఇంకోదానికి పట్టదు. అందుకని ముందు బాక్స్ కొను, దాన్ని కొలిచి ఆ తర్వాతే కిట్ ఆర్డర్ పెట్టు. నీకు జీఎమ్‌ది నయం. అందులో ఇన్‌పుట్ షాఫ్ట్ 1-1/8 అంగుళం, 10 స్ప్లైన్‌లు (షాఫ్ట్ మీది పొడుగు పళ్లు). నీ ఏఎక్స్15దీ అదే కొలత. క్లచ్ ప్లేట్ దగ్గర ఒక తలనొప్పి తగ్గుతుంది. అయినా కొత్త ప్లేట్ తెచ్చాక షాఫ్ట్ మీద పెట్టి జరిపి చూడు.

జీఎమ్‌లో తొలి ఏళ్ల బాక్సులకి మొదటి గేరు 6.34. అంకె చూసి మురిసిపోకు, వాటి లోపలి గేర్లు మళ్లీ దొరకడం కష్టం. ఏదో తెలుసుకోవడానికి ట్యాగ్ వెతకక్కర్లేదు. ఒకటో గేరు వేసి, అవుట్‌పుట్ షాఫ్ట్ మీద సుద్దతో గీత పెట్టి, అది సరిగ్గా ఒక చుట్టు తిరిగేలోపు ఇన్‌పుట్‌ని ఎన్ని చుట్లు తిప్పావో లెక్కపెట్టు. ఐదున్నర దాటి కొంచెమైతే 5.61. ఆరుంపావు దాటితే 6.34.

ఫోర్ వీల్ డ్రైవ్ బండి నుంచి తీసిన బాక్సే కొను. టూ వీల్ డ్రైవ్‌ది చవకగా ఇస్తారు. దాని మెయిన్ షాఫ్టే వేరు, మార్చాలంటే బాక్స్ మొత్తం విప్పాలి, చవక అంతా అక్కడే హరించుకుపోతుంది. కొనేముందు నూనె ఒక తెల్ల పళ్లెంలోకి దించు. అయస్కాంతం మీద మెత్తటి బూడిదలాంటి పొడి ఉంటే సహజం. గోటితో ఎత్తగలిగే ముక్క ఒక్కటి కనిపించినా వదిలెయ్. పక్కనున్న పీటీఓ (వేరే యంత్రాలకి శక్తి తీసుకునే చోటు) మూత విప్పి టార్చి వేసి పళ్లు చూడు, అంచులు విరిగాయా, గుంటలు పడ్డాయా అని. ఆ మూత ఉండటం మన అదృష్టం, బాక్స్ విప్పకుండానే కడుపు కనిపిస్తుంది.

ఒకవేళ డాడ్జ్‌దే దొరికితే ఐదో గేరు నట్టు సంగతి గుర్తుపెట్టుకో. డీజిల్ ఇంజన్ అదురుకి మెయిన్ షాఫ్ట్ వెనక కొసన ఉన్న ఆ నట్టు వదులై, ఐదో గేరు స్ప్లైన్‌ల మీంచి వెనక్కి జరిగిపోతుంది. లివర్ ఐదులోకి వెళ్తుంది గానీ బండి కదలదు. మిగతా గేర్లన్నీ పనిచేస్తాయి. బాక్స్ బల్ల మీద ఉండగానే వెనక భాగం విప్పి, బిగించి పట్టే రకం కొత్త నట్టు వేయించు. స్ప్లైన్‌లు తినేసి ఉంటే షాఫ్టే మార్చాలి, ఆ ఖర్చు ధరలో బేరమాడు.

అడాప్టర్ కిట్ ఎంచుకునేటప్పుడు అమ్మేవాణ్ణి తప్పనిసరిగా అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: బెల్ హౌసింగ్‌లో (ఇంజన్‌కీ బాక్స్‌కీ మధ్య క్లచ్‌ని కప్పే గుల్లలో) క్రాంక్ పొజిషన్ సెన్సర్‌కి చోటుందా? నీ 4.0 ఇంజన్‌లో ఆ సెన్సర్ బెల్ హౌసింగ్ మీద కూర్చుని ఫ్లైవీల్ అంచున ఉన్న గాడులు చదువుతుంది. అది చదవకపోతే కంప్యూటర్ నిప్పురవ్వా ఇవ్వదు, పెట్రోలూ ఇవ్వదు. బాక్స్ అంతా ఎక్కించాక స్టార్టర్ తిరుగుతూనే ఉంటుంది, ఇంజన్ అందుకోదు. అందుకే ఫ్లైవీల్ కూడా నీదే ఉంచుకో, మొహం మాత్రం చదును చేయించు. వేరే ఇంజన్ ఫ్లైవీల్ బోల్టులు కుదిరినా గాడులు కుదరవు.

రెండోది, ట్రాన్స్‌ఫర్ కేస్ వైపు. నీ ఎన్‌పీ231 ఇన్‌పుట్ 23 స్ప్లైన్‌లు, ఆరు బోల్టుల గుండ్రటి మొహం. ఎన్‌వీ4500 అవుట్‌పుట్ స్ప్లైన్‌లు వేరే లెక్కలో ఉంటాయి. ఎన్నో నువ్వే వేలు పెట్టి లెక్కపెట్టి చెప్పు, కాగితంలో ఉన్నది నమ్మకు. ఆ తేడాకి కిట్‌లో కప్లరైనా ఉండాలి, లేదా ట్రాన్స్‌ఫర్ కేస్ ఇన్‌పుట్ గేరైనా మార్చాలి.

ఇప్పుడు దించడం. ముందు వారం రోజులపాటు కింది స్కిడ్ ప్లేట్ ఆరు బోల్టులకీ తుప్పు వదిలించే నూనె కొడుతూ ఉండు. అవి ఫ్రేమ్ లోపలి నట్‌సర్ట్‌లలో (రేకులో నొక్కి బిగించిన నట్లలో) బిగుస్తాయి. తొందరపడి ఇంపాక్ట్ గన్ పెడితే నట్‌సర్టే తిరిగిపోతుంది, ఇక ఫ్రేమ్‌కి కంత పెట్టాల్సి వస్తుంది. బెల్ హౌసింగ్ పైనున్న రెండు బోల్టులు ఈ12 టార్క్స్ (నక్షత్రం ఆకారపు తలవి). వాటిని పైనుంచి అందుకోవాలని చూడకు. బాక్స్ వెనక భాగం కాస్త దించి, ట్రాన్స్‌ఫర్ కేస్ వైపు నుంచి మూడడుగుల ఎక్స్‌టెన్షన్లు జోడించి తియ్యి. దించే ముందు ఫ్యాన్ ష్రౌడ్ విప్పు, ఇంజన్ ఆయిల్ పాన్ కింద చెక్క దిమ్మె పెట్టి జాకీ ఆనించు.

బాక్స్ కిందికి వచ్చాక బెల్ హౌసింగ్ లోపల నూనె తడి ఉందేమో చూడు. ఈ ఇంజన్ వెనక మెయిన్ సీల్ రెండు ముక్కలది, ఆయిల్ పాన్ దించి మారుస్తారు. అంటే గేర్‌బాక్స్ ఉన్నా మార్చొచ్చు. కానీ కారే సీల్ కింద కొత్త క్లచ్ పెడితే వారానికే జారుడు మొదలవుతుంది, ఆ పని ఇప్పుడే ముగించు.

ఎక్కించే ముందు రెండు కొలతలు తప్పవు. ఒకటి పైలట్, అంటే ఇన్‌పుట్ షాఫ్ట్ ముందు కొసని పట్టే బేరింగ్. క్రాంక్ కొసన పాత రోలర్ బేరింగ్ తీసేసి కిట్‌తో వచ్చిన కంచు బుష్ వెయ్యి. ముందు బుష్‌ని ఇన్‌పుట్ కొస మీద చేత్తో తిప్పి చూడు. వదులుగా ఊగకూడదు, పట్టెయ్యనూ కూడదు. క్రాంక్‌లోకి దిగ్గొట్టాక అది పిసరు బిగుస్తుంది, మళ్లీ చూడు. రెండోది బెల్ హౌసింగ్ నడిమి సరి. డయల్ గేజ్ అయస్కాంతాన్ని ఫ్లైవీల్‌కి పెట్టి, క్రాంక్ తిప్పుతూ బెల్ హౌసింగ్ రంధ్రం అంచు చదువు. గేజ్ ముల్లు మొత్తం కదలిక 0.010 అంగుళం లోపు ఉండాలి. అడాప్టర్‌తో చేసే ప్రతి పనిలోనూ అందరూ ఎగ్గొట్టే మెట్టు ఇదే. దీన్ని ఎగ్గొడితే పైలట్ బుష్ అరిగిపోతుంది, గేర్లు పడటం బరువవుతుంది, ముందు బేరింగ్ కూస్తుంది. అప్పుడు తప్పంతా బాక్స్ మీదికి నెడతారు పాపం.

నూనె పోయకముందే ఈ బాక్స్ సుమారు 88 కిలోలు, పోత ఇనుము. ఛాతీ మీద పెట్టుకుని ఎత్తే వస్తువు కాదు. ట్రాన్స్‌మిషన్ జాకీ అద్దెకి తెచ్చుకో, గొలుసుతో కట్టు, ఇంకో మనిషిని పెట్టుకో. ట్రాన్స్‌ఫర్ కేస్ తర్వాత విడిగా ఎక్కించు. గైడ్ బోల్టులు రెండు పొడవైనవి, తలలు కోసేసి, పైన చెరొకటి బిగించుకుంటే బాక్స్ దారి తప్పదు. బాక్స్ మొహం బెల్ హౌసింగ్‌కి చేత్తో తోస్తేనే పూర్తిగా ఆనాలి. అర అంగుళం ఎడం ఉంటే బోల్టులతో లాగి బిగించకు. క్లచ్ ప్లేట్ మధ్యలో లేదనో, పైలట్ పట్టేసిందనో, షాఫ్ట్ పొడవు కుదరలేదనో అర్థం. లాగితే చెవులు విరుగుతాయి, లేదా క్రాంక్ థ్రస్ట్ మీద భారం పడుతుంది.

ట్రాన్స్‌ఫర్ కేస్ పెట్టకముందే క్లచ్ పరీక్ష చెయ్యి. హైడ్రాలిక్‌లో గాలి పూర్తిగా తీసి, గేరులో పెట్టి, పెడల్ తొక్కించి అవుట్‌పుట్‌ని చేత్తో తిప్పు. తేలిగ్గా తిరగాలి. ఇప్పుడు తేడా పట్టుకుంటే గంట పని, తర్వాతైతే రెండు రోజులు.

నేల రేకు కొయ్యక తప్పదు. షిఫ్ట్ టవర్ (గేరు లివర్ కూర్చునే చోటు) ఎక్కడికి వస్తుందో బాక్స్ పెట్టి చూసి, చిన్నగా కోసి, మళ్లీ దించి, మళ్లీ కొయ్యి. అంగుళం బాడీ లిఫ్ట్ (బాడీని ఫ్రేమ్ మీంచి లేపే దిమ్మెలు) ఉంటే బతుకు సులువు. స్కిడ్ ప్లేట్ మీద మౌంట్ రంధ్రాలు వెనక్కి జరుగుతాయి. వాటిని బాక్స్ స్థిరపడ్డాకే పొడువు. ట్రాన్స్‌ఫర్ కేస్ లివర్ పాత లింకేజీ పొట్టిదవుతుంది. దాన్ని వంచి అతికి తిప్పలు పడేకంటే కేబుల్ షిఫ్టర్ పెట్టు.

షాఫ్టులు. ట్రాన్స్‌ఫర్ కేస్ వెనక్కి జరిగింది కాబట్టి ముందుది పొడవు చేయించాలి, వెనకది పొట్టి. వెనక వైపు జారే యోక్ (షాఫ్ట్ కొసని పట్టే ముక్క) తీసేసి ఫిక్స్‌డ్ యోక్ కిట్ వేసి, పైన జోడు క్రాస్‌లున్న సీవీ షాఫ్ట్ పెట్టడం నీ బండికి తప్పనిసరి. పొట్టి షాఫ్ట్ అంటే కోణం ఎక్కువ, కోణం ఎక్కువైతే క్రాస్‌లు అరుస్తాయి, విరుగుతాయి. సీవీ షాఫ్ట్‌తో పినియన్ (యాక్సిల్‌లో షాఫ్ట్ వచ్చి కలిసే గేరు) మొహం నేరుగా ట్రాన్స్‌ఫర్ కేస్ వైపు చూడాలి, ఒకటి రెండు డిగ్రీలు కిందికి. బండి నాలుగు చక్రాల మీద నిలబడి, పూర్తి సామానుతో ఉన్నప్పుడు కొలిచి ఆర్డర్ పెట్టు. జాకీ మీద కొలిచిన షాఫ్ట్ జాకీ మీదే సరిపోతుంది. అంతా అమర్చక ముందు కొనిపెట్టుకోకు కూడా.

స్పీడోమీటర్ గురించి బెంగ లేదు, ఆ సెన్సర్ ట్రాన్స్‌ఫర్ కేస్ తోకలో ఉంటుంది. టైరు, యాక్సిల్ మారితేనే దాని చిన్న గేరు మార్చాలి. రివర్స్ లైటు తీగలు రెండూ కొత్త స్విచ్‌కి అతుకు.

నూనె ఈ బాక్స్‌కని చేసిన సింథటిక్ జీఎల్-4, 75డబ్ల్యూ-85 గానీ 75డబ్ల్యూ-90 గానీ, నాలుగు క్వార్టులు, అంటే 3.8 లీటర్లు. షాపువాడు జీఎల్-5 ఇంకా మంచిదంటాడు. అది డిఫరెన్షియల్‌కి మంచిది. సింక్రో పనిచేయాలంటే కొంచెం రాపిడి కావాలి, ఆ నూనె మరీ జారుడు, పైగా అందులోని గంధకం ఇత్తడిని తినేస్తుంది. 500 మైళ్లయ్యాక ఒకసారి దించి మళ్లీ తెల్ల పళ్లెంలోకే పొయ్యి.

ఇక అన్నిటికన్నా ఎక్కువ ఆలోచించాల్సింది నీ వెనక యాక్సిల్. ఇంజన్ టార్క్ (తిప్పుడు బలం) సుమారు 300 న్యూటన్ మీటర్లు. పాత మొదటి గేరు, లో రేంజ్‌తో ట్రాన్స్‌ఫర్ కేస్ బయటికి వచ్చేది 3,100. కొత్తదాంతో 4,600. టైరు జారితే అదంతా యాక్సిల్‌కి చేరదు. కానీ టైరు రెండు రాళ్ల మధ్య ఇరుక్కుంటే చేరుతుంది. నీది డానా 35 రకం యాక్సిల్ అయితే, విరిగిన షాఫ్ట్‌తోపాటు చక్రం కూడా బయటికి జారి రావచ్చు, సీ-క్లిప్ (సీ ఆకారపు చిన్న పట్టీ) తప్ప దాన్ని పట్టి ఉంచేది ఏదీ లేదు. డానా 44 అయితే ప్రస్తుతానికి పరవాలేదు. 35 అని తేలితే గేర్‌బాక్స్ డబ్బు ముందు అటు పెట్టు, బాక్స్ వచ్చే ఏడు.

మీ తమ్ముడు ఇది చూసి హైదరాబాద్‌లో తన థార్‌కీ వేరే బాక్స్ వేస్తానంటున్నాడట. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ముందు చదవమను. ఆర్‌సీలో ఉన్న వివరాలు తయారీదారు ఇచ్చినదానికి తేడా వచ్చేలా బండి మార్చకూడదని అందులో ఉంది. ఆర్‌టీఓని అడగకుండా స్పానర్ పట్టొద్దని చెప్పు.

బాక్స్ చూడ్డానికి వెళ్లేటప్పుడు టార్చి, సుద్దముక్క, కాలిపర్, తెల్ల పళ్లెం పట్టుకెళ్లు. స్ప్లైన్‌లూ ముందు మొహమూ ఫొటోలు తీసి పంపు, కిట్ అప్పుడు చూద్దాం.

మావయ్య