పెరట్లో గురి సాధనకి తక్కువ ధరలో ఏ ఎయిర్ గన్ కొనాలి?

టెక్కలి నుంచి అడిగిన తమ్ముడూ, పెరట్లో పది మీటర్ల జాగా ఉందన్నావు కదా, అది చాలు. ఒలింపిక్స్‌లో ఎయిర్ రైఫిల్ పోటీ జరిగేది ఆ దూరంలోనే.

నేను శ్రీకాకుళంలో మా దొడ్డిలోనే కొన్నేళ్లుగా కాలుస్తున్నాను. డబ్బులు చూసుకుని కొనాలంటే గొట్టం మడిచి లోడ్ చేసే స్ప్రింగ్ రైఫిలే తీసుకో. మడిచినప్పుడు స్ప్రింగ్ బిగుస్తుంది, ట్రిగ్గర్ నొక్కగానే పిస్టన్ గాలిని నొక్కి పెల్లెట్‌ని, అంటే చిన్న గుండుని, తోస్తుంది. ఇక పెల్లెట్లకే ఖర్చు. గ్యాస్ పిస్టల్ చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది కానీ 12 గ్రాముల సిలిండర్లు కొంటూనే ఉండాలి. ముందే గాలి గట్టిగా నింపుకుని కాల్చే పీసీపీ రైఫిల్‌కి పంపు ఖర్చు అదనం.

పవర్ ఎక్కువ అని షాపువాళ్లు చెబితే మోజు పడకు. కాగితానికి చిల్లు పడడానికి అంత బలం అక్కర్లేదు. స్ప్రింగ్ మరీ గట్టిదైతే కాసేపటికే చెయ్యి లాగేసి గురి చెదురుతుంది. కొనే ముందు నువ్వే మడిచి చూసుకో. బోరు, అంటే గొట్టం లోపలి వెడల్పు, 0.177 అంగుళాలు (4.5 మిల్లీమీటర్లు), పెల్లెట్ బయటికొచ్చే శక్తి 20 జౌల్స్ లోపు ఉండాలి. అది దాటితే లైసెన్స్ కావాలి. బిల్లు భద్రంగా దాచుకో.

గన్ మీద పెట్టినంత శ్రద్ధ గురి వెనకాల అడ్డు మీదా పెట్టాలి. ఉత్త గోడకి కాలిస్తే పెల్లెట్ వెనక్కి ఎగిరి కంటికి తగలొచ్చు. నేను చెక్కపెట్టెలో పాతబట్టలు కుక్కి, వెనక ఇసుక బస్తా నిలబెట్టి, ముందు కాగితం అంటిస్తాను. ఆ పెట్టె వెనక మనుషులు తిరిగే దారి గానీ పశువుల శాల గానీ ఉండకూడదు. కళ్లద్దాలు తప్పనిసరి. పెల్లెట్లు సీసంవి, కాల్చాక సబ్బుతో చేతులు కడుక్కో.

పిట్టల జోలికి మాత్రం వెళ్లొద్దు. మీ దగ్గరే తేలినీలాపురంలో వలస పక్షుల్ని ఊరివాళ్లు సొంత పిల్లల్లా చూసుకుంటారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట నేరం కూడా.

కాల్చేటప్పుడు ముందుభాగాన్ని బిగించి పట్టుకోకుండా తెరిచిన అరచేతిలో ఆనించు. స్ప్రింగ్ గన్ ముందుకీ వెనక్కీ కుదుపుతుంది, గట్టిగా పట్టుకుంటే గురి ఒక్కోసారి ఒక్కోచోట పడుతుంది. పెల్లెట్ లేకుండా ఊరికే పేల్చకు, పిస్టన్ దెబ్బతింటుంది. కాగితానికి చదును తల పెల్లెట్లు కొను, గుండ్రంగా తెగి లెక్కపెట్టుకోడానికి వీలుగా ఉంటుంది. మన సముద్రపు గాలికి ఇనుము తొందరగా తుప్పు పడుతుంది. లోపల పెట్టే ముందు బయటి లోహమంతా నూనె గుడ్డతో తుడు, గొట్టం లోపల మాత్రం నూనె పోయకు.